గోడకు తగిలించిన పాస్‌వర్డ్

నిన్న ఆఫీసులో నా ఎదుటి కంప్యూటర్ దగ్గర బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నారు. మనవరాలి బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలి, దానికి మా సంఘం వెబ్‌సైటులోకి వెళ్లాలి, పాస్‌వర్డ్ కొట్టాలి. వేలు లావుగా ఉండి ఒక్కసారే రెండు అక్షరాలు పడుతున్నాయని ఆయన జేబులోంచి పెన్ను తీసి, దాని మూతతో ఒక్కొక్క కీ మీద పొడుస్తున్నారు. టక్ మని ఒకటి. కాసేపు వెతుకులాట. మళ్లీ టక్. నేను చేస్తున్న పని ఆపేసి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. మా మార్తమ్మ గారు అచ్చం ఇలాగే కొట్టేవారు. అప్పట్లో ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది. నిన్న మాత్రం కళ్లు నిండాయి. ఆమె పోయి రెండేళ్లు దాటింది.

మార్తమ్మ గారిని మీలో ఎవరూ చూసి ఉండరు కాబట్టి చెబుతాను. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా రికార్డు గది చూసుకున్న మనిషి. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ నూలు చీరలో ఉండేవారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఆ ఊళ్లోనే ఉన్న మా సంఘాల ఆఫీసుకు వచ్చి, జీతం లేకుండా ప్రార్థన మనవుల పని తీసుకున్నారు. మా చర్చిలు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా ఉన్నాయి. ఒక్కో చర్చి గుమ్మం పక్కన తాళం వేసిన చెక్క పెట్టె ఉండేది. ఎవరికి ఏ బాధ ఉన్నా చీటీ రాసి అందులో వేసేవారు. ఆ పెట్టెలు తెరిచేది మార్తమ్మ గారు ఒక్కరే. చదివి, ప్రార్థన చేసి, చీటీలన్నీ పొయ్యిలో వేసేసేవారు. ఎవరి చీటీలో ఏముందో పాస్టర్ గారు అడిగినా చెప్పేవారు కాదు.

ఇక నేను జ్యోతిని. మాది పుంగనూరు దగ్గర పల్లె. మా నాన్న ఒకప్పుడు కూలికి పోయేవాడు, తర్వాత రెండు ఆవులు పెట్టుకుని పాలు పోశాడు. మా ఇంట్లో కంప్యూటర్ డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, ఆ గర్వం నెత్తికెక్కి ఉండేది. సంఘం పనులన్నీ ఆన్‌లైన్ చేయడానికి నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. సభ్యత్వాలు, సర్టిఫికెట్లు, చివరికి ప్రార్థన మనవులు కూడా ఫోన్లోంచే పంపుకునేలా మూడు నెలల్లో వెబ్‌సైటు కట్టేశాను. చెక్క పెట్టెలు స్టోరు గదిలోకి వెళ్లిపోయాయి. మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే అరగంట దాకా ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఒక ఏర్పాటు కూడా పెట్టాను. మొదటి వారమంతా ఆ అరగంటలు ఎక్కువగా మార్తమ్మ గారికే పడ్డాయి.

"ముప్పై ఏండ్లు రికార్డు గది తాళంచెవి నా కొంగునే ఉన్నింది. ఈ పొద్దు ఇది నన్నే నువ్వెవరని అడగతాండాది," అన్నారు ఒకరోజు, తెర వైపు గుర్రుగా చూస్తూ.

"ఇటు ఇవ్వండమ్మా, నేనే ఒకటి పెట్టేస్తాను. ఇద్దరికీ గుర్తుంటుంది," అన్నాను.

"ఇద్దరికి తెలిసినాక అది తాళం యెట్లయితాది? నువ్వు ఆ పక్కకు తిరుగు," అని మళ్లీ పెన్ను మూత తీసుకున్నారు. నాకు విసుగు ఆగలేదు. ముసలావిడకు అనుమానం జబ్బు అనుకున్నాను.

ఆమె ఒక్కరే అయితే సర్దుకునేదాన్నే. మూడు ఊళ్ల నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. పాస్‌వర్డ్‌లో ఆరు అక్షరాలకు తగ్గకూడదు, ఒక పెద్దక్షరం, కొన్ని చిన్నక్షరాలు, అంకెలు, ఏదో ఒక గుర్తు ఉండాలి. పొద్దున పెట్టుకున్నది మధ్యాహ్నానికి మర్చిపోయేవారు. "అమ్మా, ఇది నన్ను లోపలికి రానీలేదు," అని కుప్పం నుంచి ఒకాయన రోజూ ఫోను. నాకు తలప్రాణం తోకకు వచ్చింది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. ఆ ఆలోచనకు ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మా వాళ్లలో ఒక అలవాటుంది. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్లెంలో కార్డులు పెడతారు. కళ్లు మూసుకుని అందరూ తలా ఒకటి తీసుకుంటారు. కార్డు మీద ఒక బైబిల్ వచనం ఉంటుంది. ఆ ఏడాదంతా ఆ మనిషికి దేవుడిచ్చిన వాగ్దానం అదే. దాన్ని పటం కట్టించి హాల్లో తగిలిస్తారు, ఫోన్ స్టేటస్‌లో పెడతారు, ఇంటికి వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తారు. మర్చిపోయేవాళ్లు ఒక్కరూ ఉండరు. గ్రంథం పేరు ఇంగ్లీషులో పెద్దక్షరంతో మొదలుపెట్టి, అధ్యాయం అంకె వేసి, రెండు చుక్కలు పెట్టి, వచనం అంకె వేస్తే నా నియమాలన్నీ తీరిపోతాయి. పెద్దక్షరం, చిన్నక్షరాలు, అంకెలు, గుర్తు అన్నీ ఉన్నాయి. మూడు చర్చిల్లోనూ మైకులో చెప్పాను: "మీ వాగ్దాన వచనమే మీ పాస్‌వర్డ్." జనం ఆమెన్ అన్నారు. వారం తిరిగేసరికి ఫోన్లు ఆగిపోయాయి. పాస్టర్ గారు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు.

మార్తమ్మ గారు మాత్రం మెచ్చుకోలేదు. "ఆ కార్డు గోడకు తగిలిస్తారు కదమ్మా," అన్నారు.

"అయితే ఏమైందమ్మా? చూసేది ఇంట్లోవాళ్లే కదా."

"ఇంట్లోవోళ్ల కంట పడకూడదనే కదా, బస్సెక్కి వచ్చి మరీ పెట్టెలో ఏసిపోయేది. ఈ పని పట్టినకాడి నుంచీ సూస్తాండాను నేను."

మీకు కంప్యూటర్ సంగతి తెలియదులెండి అన్నాను. నోరు జారానని కూడా అనుకోలేదు. ఆమె పాస్టర్ గారితో చెప్పి చూశారు. అందరూ సంతోషంగా ఉన్నారు కదా, ఎందుకు కదిలించడం అన్నారాయన. మార్తమ్మ గారు తన పాస్‌వర్డ్ మాత్రం వచనంగా మార్చుకోలేదు. టక్ టక్ మని తన తిప్పలేవో తాను పడ్డారు.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం ఆఫీసు తెరవగానే ఒకామె వచ్చింది. ఆమెను ఇక్కడ రూతు అంటాను, అది ఆమె పేరు కాదు. "రాసుకో అక్కా, పేరు మాత్రం వద్దు," అని తనే చెప్పింది. పుంగనూరులో ఒక బడి ఆఫీసులో పనిచేసేది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వాచి ఉంది, దాన్ని కుడి చేత్తో పట్టుకుని నిలబడింది. భర్త కొడుతున్నాడని, ఇంకో ఊళ్లో ఉద్యోగం దొరికేలా ఉందని, గుడుపల్లెలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లిపోవాలని ఉందని, ధైర్యం కోసం ప్రార్థన చేయమని ఆమె వెబ్‌సైటులో మనవి పంపింది. భర్త హాల్లో ఉన్న వాగ్దానం పటం చూసి అదే కొట్టి, పంపిన మనవి తెరిచి, ఆమె ఎదురుగానే పైకి చదివాడు.

"నేను దేవునికి రాసుకుంటి అక్కా. అది ఆయప్ప చేతికి యెట్ల పోయింది?" అని అడిగింది.

నేను ఏదో చెప్పబోయాను. సైటులో లోపమేమీ లేదని, ఇంట్లో ఎవరో చూసి ఉంటారని మొదలుపెట్టాను. మార్తమ్మ గారు కుర్చీలోంచి లేచారు. "నోరు ముయ్యి జ్యోతీ. ముందు తప్పు నాది అని ఆయమ్మకు సెప్పు," అన్నారు. చెప్పాను. మొదటిసారి నాకే వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రూతు నా వైపు చూడలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మార్తమ్మ గారు నన్ను ఓదార్చనూ లేదు, తిట్టనూ లేదు. ఆమెకు అంత తీరిక లేదు.

ఆసుపత్రిలో కట్టు కట్టించారు, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించారు. తల్లి ఊరు మనవిలోనే రాసి ఉంది కాబట్టి అక్కడికి పంపడానికి లేదు. కుప్పంలో, ఆసుపత్రిలో తనతో కలిసి పనిచేసిన ఒక నర్సు ఇంటికి పంపాలని నిర్ణయించారు. బస్సేమో ఆమె భర్త ఉండే పుంగనూరు మీదుగానే పోవాలి. మార్తమ్మ గారు కూడా ఎక్కి, రూతును లోపలి వైపు కూర్చోబెట్టి, కిటికీ దగ్గర తను కూర్చున్నారు. నేను వెనక సీట్లో. పుంగనూరు స్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. దోసకాయలమ్మే ఆమె కిటికీ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ రూతు తల దించుకునేది. మార్తమ్మ గారు కిటికీకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని, బస్సు కదిలేదాకా దించలేదు. ఆ పది నిమిషాల్లో, నేను కట్టిన వెబ్‌సైటు అసలు ఎందుకుందో నాకు మొదటిసారి అర్థమైంది.

మూడో రోజు ఆమె భర్త ఆఫీసుకు వచ్చాడు. నా బల్ల మీద చరిచి, "యాడుండాది సెప్పు. నీ కంప్యూటర్లో ఉంటాది కదా," అన్నాడు. మార్తమ్మ గారు పెన్ను కింద పెట్టారు. "ఆయమ్మ సెప్పమంటే సెప్తానప్పా. సెప్పమన్లేదు. నువ్వు ఇంగ పో," అన్నారు. అతను ఇంకో గంట అరిచి వెళ్లిపోయాడు. తర్వాత పాస్టర్ గారు, సంసారం చక్కదిద్దుదాం, ఎక్కడుందో నాకైనా చెప్పండి అని అడిగారు. ఆయనకూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ ఊరి పేరు నోట్లోకి రాకుండా పళ్లు బిగపట్టుకుని వారాలు గడిపాను.

మనవుల పేజీని నేను మొదటి రోజే మూసేశాను. దాన్ని మళ్లీ ఎలా కట్టాలో ఆలోచిస్తుంటే మార్తమ్మ గారు స్టోరు గదిలోంచి పాత పెట్టె ఒకటి మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇందులో సీటీ ఏస్తే, ఏసినోళ్లు కూడా మళ్లా తీసుకోలేరు. నీ దాంట్లో పంపినాక కూడా అట్లే కనపడతాండాదే, యాల?" అన్నారు. చదువుకున్న నాలుగేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. పంపిన మరుక్షణం మనవి పంపినవాళ్ల పేజీలోంచి మాయమయ్యేలా, చదివే ఒక్కరికే కనిపించేలా, చదివాక చెరిగిపోయేలా మొత్తం మళ్లీ రాశాను.

ఆ తర్వాత ఆదివారం ఆదివారం మూడు ఊళ్లూ తిరిగాం. నేను ముందుకు వెళ్లి, మైకులో నేను చెప్పింది తప్పని, దాని వల్ల ఒకరికి కీడు జరిగిందని చెప్పేదాన్ని. తర్వాత చెట్టు కిందో, సండే స్కూల్ గదిలోనో కూర్చుని ఒక్కొక్కరి పాస్‌వర్డ్ మార్పించేవాళ్లం. నాకు రోజూ ఫోను చేసిన కుప్పం పెద్దాయన ఒప్పుకోలేదు. దేవుడిచ్చిన వాక్యాన్ని తీసేసి లోకపు మాట పెట్టుకోవడం పాపం కాదా అన్నారు.

"వాక్యం అందరిదప్పా. తాళం నీ ఒక్కడిది," అన్నారు మార్తమ్మ గారు. ఆయన జేబులోంచి ఫోను తీశారు.

ఏం పెట్టుకోవాలో కూడా ఆమే నేర్పారు. రికార్డు గదిలో రోగి నంబరుకు పేరుతో గానీ, ఊరితో గానీ, జబ్బుతో గానీ సంబంధం ఉండేది కాదట. ఎవరైనా నంబరు చూసినా అది ఎవరిదో కనిపెట్టలేకుండా ఉండాలని. "నీ గురించి నాకు తెలిసింది ఏదీ దాంట్లో ఉండకూడదు. బిడ్డ పేరు వద్దు, పెండ్లి రోజు వద్దు, వాగ్దానం అసలే వద్దు," అని ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. చర్చి దగ్గర దొరకనివాళ్ల కోసం మూడు వందల ఇళ్లకు పైగా తిరిగాం. మోకాళ్లు పట్టేసి ఆమె మెట్లు ఎక్కలేకపోతే, మెట్ల కింద కూర్చుని జనాన్నే పిలిపించుకున్నారు. ఒక్క ఇల్లూ వదల్లేదు.

రూతుకు కుప్పంలో ఉద్యోగం దొరికింది, చెయ్యి నయమైంది, సొంతంగా గది తీసుకుంది. మేము వెళ్లినప్పుడు టీ ఇచ్చింది, బాగా మాట్లాడింది. కొత్త ఖాతా తెరుస్తానంటే మాత్రం తల అడ్డంగా ఊపింది. "నాకొద్దక్కా. ఇంగ నేను ఎవురికీ ఏమీ రాయను," అంది. బస్సులో నేను ఏడ్చాను. ఆమె భర్త విరిచింది చెయ్యిని. దేవుడి దగ్గర మనసు విప్పుకునే నమ్మకాన్ని విరిచింది నేను. మార్తమ్మ గారు ఆ మాట కాదనలేదు. "ఆయమ్మను అడగొద్దు. నువ్వు నీ పని సక్కగా సెయ్యి, అంతే," అన్నారు.

చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఉండి ఆమె మనవులు చదివే పని నాకు అప్పగించారు. నాకు అర్హత లేదని చెప్పాను. "తప్పు సేసినోళ్లే జాగర్తగా ఉంటారు. సదివేది నువ్వు, మొయ్యల్సింది నువ్వు. మొగుడికి కూడా సెప్పొద్దు," అన్నారు. ఆ తర్వాత వారానికే పోయారు. రెండేళ్లుగా ఆ పని చేస్తున్నాను. ఎంత బరువో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. కొన్ని రోజులు ఇంటికి వెళ్లి అన్నం కూడా తినలేను, ఎందుకో మా ఆయనకు చెప్పలేను. అయినా ఒక్క మాట బయటికి పోనివ్వలేదు, పోనివ్వను.

పోయిన నెల ఒక ఉదయం పేజీ తెరిస్తే రూతు పేరుంది. ఆరేళ్ల తర్వాత ఆమె కొత్త ఖాతా తెరుచుకుంది, ఎవరూ చెప్పకుండా, తనంతట తను. మనవి పెద్దదే. రెండుసార్లు చదివి, కుర్చీ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి వచ్చి, "ఏమక్కా, ఏడస్తాండావే, ఎవురు రాసినారు?" అని అడిగింది. ఏం లేదన్నాను. ఇంత దూరం చెప్పుకొచ్చాను కాబట్టి మీకూ అడగాలని ఉంటుంది. ఆమె రాసింది నేను చదివాను, అది చెరిగిపోయింది. అడగకండి.