పెట్టెలు దించేదాకా

పిరేయస్ రేవుకి చేరిందంటే విహార ఓడ ప్రయాణానికి అదే చివరి రోజు. ద్వీపాలన్నీ తిప్పి తెచ్చిన జనాన్ని ఓడ పొద్దున్నే దించేస్తుంది. వాళ్ల విమానాలేమో సాయంత్రానికి. చేతినిండా పెట్టెలు, ఎదురుగా ఖాళీ పగలు. ఆ పగటిని ఎవరి బండిలో గడుపుతారన్న దాని మీదే మా గేటు దగ్గర టాక్సీవాళ్లు తలలు పగలగొట్టుకునేవారు.

గేటుకు ఎదురుగా ఉన్న పునీత నికోలస్ చిన్న చర్చిని ఊడ్చి, దీపాల్లో నూనె పోసేది నేనే. వాళ్లు రక్తం కడుక్కునే కుళాయి కూడా మా చర్చి గోడకే ఉంది. అందుకని ఎవరు ఎవర్ని కొట్టారో పోలీసుల కంటే ముందు నాకు తెలిసేది.

ఆ కుళాయి దగ్గరికి ఎక్కువసార్లు వచ్చినవాడు అనార్గిరోస్. ఎడమ చెవి సగమే ఉంటుంది. మిగతా సగం గేటు దగ్గరే ఒకడు కొరికేశాడు. వాళ్ల నాన్న రేవులో మూటలు మోసేవాడు, తాగివచ్చి బెల్టు ఇనుపకొసతో కొట్టేవాడు. మాట కంటే ముందు చెయ్యి లేవడం అనార్గిరోస్‌కి అక్కడే అబ్బింది. కానీ ఒకటి చెప్పాలి. పిడికిళ్లు కడుక్కున్నాక లోపలికొచ్చి కొవ్వొత్తి తీసుకునేవాడు.

"ఎవరి పేరున నాయనా?" అని అడిగేదాన్ని.

"ఇప్పుడు కొట్టానే, ఆ గాడిద పేరున పిన్నీ. పక్కటెముక కదిలినట్టుంది. త్వరగా అతుక్కోవాలని చెప్పు స్వామికి."

నవ్వాలో తిట్టాలో తెలిసేది కాదు. కొవ్వొత్తి మాత్రం నిటారుగా, జాగ్రత్తగా గుచ్చేవాడు.

చివరి రోజు సవారీలో ఒక కట్టుబాటు ఉంది. ప్రయాణికులు గుళ్లూ కొండలూ చూడ్డానికి వెళితే పెట్టెలు డిక్కీలోనే ఉంటాయి. వాళ్ల బట్టలు, మందులు, మనవలకు కొన్న బొమ్మలు, అన్నీ ముక్కూమొహం తెలియని వాడి చేతిలో పెట్టి వెళ్తారు. కాబట్టి వాళ్లు తిరిగొచ్చేదాకా డ్రైవరు బండి వదిలి పోకూడదు. కాఫీకి పోడు, నీడకి పోడు. అనార్గిరోస్ అయితే డిక్కీ మీదే కూర్చునేవాడు. నడివేసవిలో రేకు కాలుతున్నా అట్టముక్క వేసుకుని అక్కడే.

అతనికీ థ్రాసోస్‌కీ తగువు ఒక వానరోజు మొదలైంది. థ్రాసోస్ పొట్టివాడు, మాటకారి, అదే గేటులో డ్రైవరు. పైగా అనార్గిరోస్ కూతురికి జ్ఞానతండ్రి. బాప్తిస్మంలో ఆ పిల్లకు తన చేతులతో నూనె రాసినవాడు. అప్పటినుంచి వీళ్లిద్దరూ ఒకరికొకరు కుంబారోలు, పిలుచుకునేది 'కుంబారే' అని. మాలో ఆ చుట్టరికం రక్తసంబంధం కంటే గట్టిది. కుంబారో మీద చెయ్యెత్తడమంటే పూజాపీఠం మీద ఉమ్మినట్టే.

ఆ రోజు థ్రాసోస్ వరస తప్పించి బండిని ముందుకు దూర్చాడు. అనార్గిరోస్ వెళ్లి, కిటికీలోంచే అతని కాలరు పట్టి బయటికి లాగి, మొహాన్ని బానెట్టుకేసి కొట్టాడు. ఒకసారి కొట్టి ఆపలేదు. ముక్కు చితికింది. నలుగురు పట్టుకుంటే గానీ విడవలేదు. నేను తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తాను.

మర్నాటి ఉదయానికి అనార్గిరోస్ బండి ముందు అద్దం పగిలి ఉంది. ఆ రాత్రే థ్రాసోస్ నాలుగు టైర్లకీ కత్తిపోట్లు పడ్డాయి. తరువాత థ్రాసోస్ కత్తి కంటే పదునైనది బయటికి తీశాడు. గేటులోంచి పెట్టెలతో వచ్చే ప్రతివాళ్ల దగ్గరికీ వెళ్లి, అనార్గిరోస్‌ని చూపించి, వచ్చీరాని భాషల్లో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ చెవిలేనోడి బండెక్కకండి. మీరు కొండెక్కుతారు, వాడు పెట్టెల్తో చెక్కేస్తాడు."

ఓడల మీద ఓడలు వచ్చాయి. అనార్గిరోస్ డిక్కీలోకి ఒక్క పెట్టె ఎక్కలేదు. అద్దం పోతే అద్దం వస్తుంది, ఈ పేరు పోతే అతనికి గేటు లేదు. పిల్లను చదివించాలన్నా, ఇంట్లో పొయ్యి వెలగాలన్నా ఆ గేటే ఆధారం.

ఒకరోజు చర్చిలోకి వచ్చి కొవ్వొత్తి తీసుకోకుండా నిలబడ్డాడు.

"పిన్నీ, స్వామి ముందు చెప్తున్నా. ఆ నోటిని నా చేత్తో పగలగొడతాను."

"నీ కూతురికి తండ్రి లాంటివాడురా."

"అందుకే చంపను. నోరొక్కటే."

ఇలాంటి మొక్కు వినడమే పాపమని శిలువ గుర్తు వేసుకున్నాను.

వసంతం వచ్చాక ఒక ఉదయం నార్వే ముసలి దంపతులు అందరికంటే చివర దిగారు. థ్రాసోస్ అప్పుడు కాఫీకి వెళ్లాడు. అనార్గిరోస్ ముందు వాళ్ల పెట్టెల్ని కాదు, చెప్పుల్ని చూశాడు, తరువాత మోకాళ్లని. ఎవరినెక్కడికి తీసుకెళ్లాలో అతను అలాగే తేల్చుకుంటాడు.

"సాయంత్రం దాకా టైముంది. మూడు చోట్లున్నాయి," అన్నాడు. "ఒకటి అక్రోపోలిస్ కొండ. గొప్పది, కాదనను. కానీ ఎండ, జనం, జారే పాలరాయి. రెండోది కైసరియానీ మఠం. చెట్ల నీడ, ఊట నీళ్లు, ఒక దండం పెట్టుకుని కూర్చోవచ్చు. మూడోది సూనియో. నేల చివర, సముద్రం మీద పాత గుడి. ఎక్కడం కొంచెమే. అక్కణ్ణుంచి విమానాశ్రయం కూడా దగ్గరే."

ముసలాయన కొండ వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ ఆయన మోకాలి మీద వేలితో పొడిచింది. ఆయన కెవ్వుమన్నాడు. సూనియో ఖాయమైంది. అనార్గిరోస్ నవ్వుతూ ఆయన చేతికర్రని ముందుసీటులో మెత్తగా ఆనించి పెట్టాడు.

డిక్కీ మూత పడుతుంటే థ్రాసోస్ చూశాడు. కాఫీ కప్పు విసిరికొట్టాడు. మూటలు మోసేవాళ్లను ఇద్దర్ని బండిలో వేసుకుని వెనకాలే బయలుదేరాడు. నేను చీపురు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

ఆ తరువాతి సంగతి ఇద్దరూ నాకు వేరువేరుగా చెప్పారు. ఎవరెన్ని దెబ్బలు తిన్నారన్నది తప్ప మిగతాదంతా ఒక్కటే.

సూనియోలో దంపతులు గుడివైపు ఎక్కి వెళ్లారు. అనార్గిరోస్ డిక్కీ మీద కూర్చున్నాడు. థ్రాసోస్ బండి అడ్డంగా వచ్చి ఆగింది.

"దిగు కుంబారే. పెట్టెలు తీస్తాం."

"ఏం చేస్తావు వాటిని?"

"సముద్రంలోకి. సాయంత్రానికల్లా నా మాట నిజమవుద్ది."

"నా మీదనుంచి తియ్యి, చూద్దాం."

మొదటి దెబ్బ మూటవాడిది, జాకీ రాడ్డుతో భుజం మీద. అనార్గిరోస్ కాలు ఎత్తి వాడి పొట్టలో తన్నాడు. వాడు కంకర మీద పడి కక్కుకున్నాడు. రెండోవాడు జుట్టు పట్టి లాగాడు. అనార్గిరోస్ వాడి వేళ్లు వెనక్కి విరిచాడు. కానీ కూర్చున్న చోటు వదల్లేదు. గేటులో ఐదుగురిని పడగొట్టిన మనిషి, లేచి నిలబడితే ఆ ముగ్గురూ ఒక లెక్క కాదు. లేస్తే మాత్రం ఒకడు అతనితో కలబడుతుండగా ఇంకొకడు మూత తీస్తాడు. అందుకని రేకుకి అతుక్కుపోయి కొట్టించుకున్నాడు. మొహం మీద, చేతుల మీద, వీపు మీద. మూటవాడు లేచి, ఈసారి రాడ్డు రెండు చేతులా పట్టుకుని మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విని, పక్కనే కాఫీ అమ్మే బండి ఆవిడ చెవులు మూసుకుందట.

థ్రాసోస్ కూడా ఆ చప్పుడు విన్నాడు. "మోకాలు వద్దన్నానుగా!" అని అరిచాడు. అలా అరుస్తూ దగ్గరికి రావడమే అతని తప్పు. అనార్గిరోస్ అతని మెడ చంకలో ఇరికించుకుని నొక్కాడు. ముఖం నల్లబడుతుంటే అప్పుడు గుడి కాపలావాళ్ల ఈల వినిపించింది. మూటవాళ్లిద్దరూ థ్రాసోస్ బండిలోనే దూకి, అతన్ని వదిలేసి పారిపోయారు.

అనార్గిరోస్ పట్టు వదిలాడు. థ్రాసోస్ కంకర మీద కూలబడి దగ్గాడు. పరుగెత్తుకొచ్చిన కాపలాదారుకి అనార్గిరోస్ రక్తపు మొహంతోనే చెప్పాడు, "ఏం లేదన్నా. ఇంటి గొడవ. కుంబారోలం." కాఫీ బండి ఆవిడ ఎవరూ అడక్కుండానే నీళ్ల సీసా, మంచు ముక్కలు కట్టిన గుడ్డ తెచ్చి అతని మోకాలి మీద పెట్టింది. తన ఏప్రన్‌తో మొహం తుడిచింది. ఆ తల్లి పేరు నాకు తెలియదు, కానీ రోజూ ఆమె కోసం ప్రార్థిస్తాను.

దంపతులు కిందికి దిగివస్తున్నారు.

"కుంబారే, నాకు కాలాడదు," అన్నాడు అనార్గిరోస్. "నువ్వు తోలు."

"నేనా?"

"నీ బండి పోయింది, నా కాలు పోయింది. వాళ్ల విమానం పోకూడదు. తరువాత మనం చంపుకుందాం."

నార్వే ఆవిడ అతని మొహం చూసి కేక పెట్టింది. మెట్ల మీద పడ్డానని సైగ చేశాడు. అక్కడ మెట్లేమీ లేవు. ఆవిడ తన పట్టు రుమాలు తీసి అతని నుదుటికి కట్టింది.

దారి పొడుగునా ఒక పక్క సముద్రం మెరుస్తుంటే, ముందుసీట్లలో వీళ్లిద్దరూ వెనకున్నవాళ్లకు అనుమానం రాకుండా మామూలు మొహాలు పెట్టి తిట్టుకుంటూనే ఉన్నారు.

"నెమ్మదిగా తోలు, వెధవా. గుంట పడితే కాలు ఊడొస్తది."

"ఊడితే ఊడనీ. నా ముక్కు చూశావా? ఆ వానరోజు నుంచి ఇటు పక్కకే ఊపిరి."

"పెట్టెల్తో పారిపోతానన్నావు."

వెనకనుంచి ఆవిడ సముద్రం చూసి ఏదో మెచ్చుకుంటూ ఇద్దరికీ చెరో బిస్కెట్టు అందించింది. ఇద్దరూ తీసుకున్నారు.

"అన్నాను," అన్నాడు థ్రాసోస్ చివరికి.

"రేపు గేటు దగ్గర అందరి ముందూ అబద్ధమని చెప్పాలి."

"చెప్తా. నోరు మిగిలితే."

"మిగలదు. అయినా చెప్పాలి."

విమానాశ్రయంలో థ్రాసోసే పెట్టెలు దించాడు. ముసలాయన ఇద్దరితో చెయ్యి కలిపాడు. ఆవిడ కిటికీలోంచి వంగి అనార్గిరోస్ బుగ్గ మీద ముద్దు పెట్టింది. అద్దాల తలుపులు వాళ్ల వెనక మూసుకున్నాయి.

"ఇటు రా. వంగు," అన్నాడు అనార్గిరోస్.

"ఎందుకు?"

"నేను లేవలేను."

థ్రాసోస్‌కి తెలుసు. తెలిసే కిటికీ దగ్గరికి వచ్చి, కళ్లు మూసుకుని వంగాడు. అనార్గిరోస్ భుజం కదలక మూలుగుతూనే, ఉన్న బలమంతా పెట్టి నోటి మీద కొట్టాడు. థ్రాసోస్ వెల్లకిలా పడ్డాడు. లేచి, ముందుపళ్లు రెండు అరచేతిలోకి ఉమ్మి, చూసుకుని, జేబులో వేసుకున్నాడు. తరువాత స్టీరింగు ముందు కూర్చుని ఆసుపత్రికి తోలాడు. వరండాలో అతన్ని వీపు మీద మోసుకెళ్లింది కూడా తనే.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నేనున్నాను. థ్రాసోస్ పెదాలు గుమ్మడికాయ ముక్కల్లా వాచి ఉన్నాయి. వరసలో ఉన్న డ్రైవర్లందరి మధ్యకీ వచ్చి నిలబడి, అనార్గిరోస్ ఎప్పుడూ పెట్టె ముట్టలేదని, తను చెప్పిందంతా అబద్ధమని చెప్పాడు. పళ్లు లేని నోట్లోంచి మాట గాలిలా వచ్చింది. వెనకున్నవాళ్లకు వినపడలేదు, "ఏంటీ? గట్టిగా!" అని వెక్కిరిస్తూ అరిచారు.

అతను గడ్డం మీదికి కారిన రక్తం చేత్తో తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పాడు.