దస్తగిరి పరుపు

ప్రత్తిపాడులో దూదేకుల దస్తగిరి కుట్టిన పరుపు ఏళ్లు గడిచినా గడ్డ కట్టదు. నోటిమాటతో బతికేవాళ్లంటే అతనికి మొదటినుంచీ రోత. అందులో మిలాద్ కమిటీ ప్రెసిడెంటు కరీముల్లా అంటే మరీనూ. ఆ మనిషి చేతులు మైకు తప్ప మరో పనిముట్టు ఎరగవు.

2003 వేసవిలో ప్రవక్త పుట్టినరోజు సభకి, స్టేజీ మీద పెద్దలు కూర్చోవడానికి కొత్త పరుపు కావాలన్నాడు కరీముల్లా. దస్తగిరి మంచి పత్తి ఏకి ఉచితంగానే కుట్టిచ్చాడు. అతని కూతురు మౌలాబీ ఆ సభలో ప్రవక్త కథ చెప్పాలని ఎన్నాళ్లనుంచో తయారవుతోంది.

సభ సగమైనా పిల్ల పేరు పిలవలేదు. దస్తగిరి స్టేజీ దగ్గరకెళ్లి అడిగాడు.

"తెలుగులో చెబుతుందటగా! పెద్దలొచ్చిన సభయ్యా, ఉర్దూ ఉండాలి. మీ దూదేకులోళ్లకి అదెక్కడొస్తదిలే," అన్నాడు కరీముల్లా పరుపు మీద వెనక్కి వాలుతూ.

"పొద్దున కూరలో ఉప్పెక్కువైందని ఏ భాషలో అరిచావయ్యా? వీధంతా విన్నాం."

జనం గొల్లుమన్నారు. దస్తగిరి పరుపు కొస పట్టుకున్నాడు.

"లేవండి ప్రెసిడెంటు గారూ. మా భాష పనికిరానప్పుడు మా పరుపెందుకు? కింద చెక్కలున్నాయిగా, కూర్చోండి."

కరీముల్లా పెద్దల మొహాలు చూశాడు, చెక్కల్ని చూశాడు, మౌలాబీ పేరు పిలిచాడు.

పిల్ల చెబుతుంటే వెనక కూర్చున్న ఆడవాళ్లు కబుర్లాపి విన్నారు. అవగానే కరీముల్లా మైకు లాక్కుని, పరుపు మీద దభాలున కూలబడి, "తెలుగులో చెప్పించడం మన కమిటీ ఆలోచనే!" అన్నాడు.

దస్తగిరి పరుపు వంకే చూశాడు. అంత మనిషి పడ్డా ఎక్కడా కుంగలేదు.