గేటు దగ్గర మా పెద్దమ్మ

మొయినాబాద్‌లో నేను పనిచేసే బడిలో రెండో పీరియడు నడుస్తుండగా తమ్ముడి దగ్గర నుంచి ఫోను వచ్చింది. క్లాసులో ఉన్నప్పుడు నేను ఫోను ఎత్తను. వాడు ఆపకుండా చేస్తూనే ఉన్నాడు. విసుక్కుంటూ వరండాలోకి వచ్చి ఎత్తాను.

“అక్కా, పెద్దమ్మ పోయింది. గేటు సంగతి ఏం జేద్దాం?”

రెండు మాటలూ ఒకే గుక్కలో అన్నాడు. నాకు ఏడవడానికి కూడా సందు ఇవ్వలేదు. వాడి తప్పేం లేదు, మా పెద్దమ్మ చావుకూ ఆ గేటుకూ అంత ముడి పడింది. సంచీ తీసుకుని చేవెళ్ల బస్సెక్కేసరికే మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో పెట్టి ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాశారు. నాకు ఒళ్లు మండింది. నిద్రించే మనిషా ఆమె? బతికినన్నాళ్లూ మమ్మల్ని ఎవర్నయినా నిద్రపోనిచ్చిందా?

ఆమె మా అమ్మకు సొంత అక్క. మా ఊరు చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. మా సంఘం సమాధుల తోట ఊరికి పడమట, పొలాల మధ్య ఉంది. తాతల నాటి నుంచి బండ్లబాట మీదుగానే అక్కడికి పోయేవాళ్లం. ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ఒక వెంచర్ వాళ్లు కొన్నారు. సమాధుల జోలికి రాలేదు. తోటను కూడా లోపల కలుపుకుని చుట్టూ ఎత్తుగా గోడ లేపారు, బాట మొదట్లో గేటు పెట్టారు, గేటుకు తాళం వేశారు. బాట మా పట్టాలో ఉంది పొమ్మన్నారు. అంటే తోట మాది, తోటకు పోయే దారి వాళ్లది. ఆ తోటలో మా పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు ఉన్నాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు పోయాడు అన్న. బంతిపూల మూటలు బండి మీద కట్టుకుని పట్నం మార్కెట్టుకు పోతూ చేవెళ్ల రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. మన్ను చేసిన రోజు పెద్దమ్మ గుండెలు బాదుకుని ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారి ఆగింది. గుంత పక్కన ఖాళీ జాగా చూపించి, “గిది నాది. గీడ ఎవ్వర్ని పెట్టకుండ్రి” అంది. ఆమె తనకంటూ ఏదైనా అడగడం నేను అప్పుడే విన్నాను. మళ్లీ ఇంకేదీ అడగలేదు.

మా దగ్గర ఈస్టర్‌కు ముందు శనివారం సమాధులకు సున్నం వేస్తారు. గడ్డి పీకి, ఊడ్చి, తెల్లగా చేసి, మర్నాడు తెల్లవారుజామున పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని అక్కడే ప్రార్థన చేస్తారు. గేటు పడిన మొదటి ఏడు కూడా పెద్దమ్మ సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని బయల్దేరింది. నేను వెంట పోయాను. వాచ్‌మన్ తాళం తీయనన్నాడు.

“నా నౌకరి పోతది అవ్వా. సారుకు ఫోన్ చేస్కో.”

నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దమ్మ నా రెట్ట పట్టుకుని పక్కకు లాగింది. “తాళం వానిది గాదు బిడ్డా, వాణ్ణెందుకు తిడ్తవు?” అని గోడ వెంబడి నడవడం మొదలుపెట్టింది. లోపల కరెంటు స్తంభం కొన కనిపించే చోట ఆగింది. గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. “గీడ్నే ఉన్నడు. గీ గోడకు అవతల” అంది. బకెట్టు దించి, కుంచె ముంచి, వాళ్ల కొత్త గోడకు సున్నం వేయసాగింది. సమాధంత మేర, నేల దాకా, తీరుగ్గా వేసింది.

వెంచర్ మేనేజరు బండి మీద ఉరికొచ్చాడు. “ఏయ్ ముసలామె! ఏం జేస్తున్నవ్? మొన్ననే పెయింటేసినం!”

“మా పోరని సమాధికి సున్నమేస్తున్న సారు. నడుమ మీ గోడ అడ్డమొచ్చింది.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మర్నాడు గేటు బయట రోడ్డు మీద నిలబడి ఈస్టర్ ప్రార్థన చేసుకున్నాం. ఆ వారంలోనే వాళ్లు సున్నం మీద మళ్లీ పసుపు రంగు కొట్టించారు. పై ఏడు పెద్దమ్మ మళ్లీ బకెట్టుతో పోయింది. వాళ్లు మళ్లీ రంగు కొట్టించారు. ఏటా ఇదే తంతు.

అప్పటి నుంచి మా సంఘంలో ఎవరు పోయినా చెరువు కింద పంచాయతీ వాళ్లు చూపించిన జాగాలో పెట్టారు. అక్కడ మోకాలి లోతు తవ్వితే నీళ్లు ఊరతాయి. పీనుగను నీళ్లలో దించడం నేను కళ్లారా చూశాను. పైగా అక్కడ ఒక్కో మనిషిని పెట్టిన కొద్దీ ఆఫీసులో వాళ్లు “మీకు వేరే జాగా ఉన్నది గదా” అనడం మొదలుపెట్టారు. పెద్దమ్మ మాత్రం సోమవారం వస్తే జొన్నరొట్టె మూట కట్టుకుని మండలాఫీసుకు పోయేది. దారి ఇప్పించమని దరఖాస్తు పెట్టి, అరుగు మీద కూర్చుని రొట్టె తిని వచ్చేది.

మా పాస్టరు అయ్యగారికి ఇది నచ్చలేదు. ఎదురుచూడటాన్ని మా సంఘంలో కనిపెట్టడం అంటారు. “దేవుని సమయం కోసం కనిపెట్టాలమ్మా, ఆఫీసుల చుట్టూ తిరుగుడెందుకు?” అన్నాడాయన ఒకసారి, ఆరాధన అయ్యాక, అందరి ముందూ.

“ఆగుత అన్న అయ్యగారు. ఊకుంట అన్ననా?” అంది పెద్దమ్మ.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఓ వేసవిలో కూడికలకు వచ్చిన కొత్త ప్రసంగీకుడొకాయన బైబిల్లోని యెరికో గోడల కథ చెప్పి, మీరూ చుట్టూ తిరగండి, స్తుతి పాటలు పాడండి, గోడ దానంతటదే కూలుతుంది అన్నాడు. మా యూత్ పిల్లలకు ఇంకేం కావాలి? డప్పులు, కంజీరలు పట్టుకుని వారం రోజులు ఆ వెంచర్ చుట్టూ తిరిగారు. పెద్దమ్మ కూడా వాచిన మోకాళ్లతో వాళ్ల వెనక తిరిగింది. ఆఖరి రోజు అందరూ గట్టిగా కేక వేశారు. గోడ మీది కాకులు లేచాయి. గోడ అట్లాగే ఉంది. పిల్లల మొహాలు చూడలేకపోయాను.

పెద్దమ్మ చెమట తుడుచుకుంటూ, “పోనీ తియ్యి. కూలితే మనోళ్ల సమాధుల మీదనే పడుతుండె. గది ఎవ్వరన్న ఆలోచించిండ్రా?” అంది. అంతే, పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు దేవుడి మీద చాలా కోపంగా ఉంది.

ఆ కోపం ఆమె దగ్గరే కక్కాను. పల్లికాయలు ఒలుస్తూ కూర్చుంది.

“పెద్దమ్మా, ఆయన ఇంటున్నడంటవా? గిన్నేండ్ల సంది ఏం జేస్తున్నడు?”

“నేను గూడ పొద్దుగాల గదే అడిగిన.”

“ఏమన్నడు?”

“ఏమనలే.”

“మరి?”

“జవాబు రాలేదని లేచి పోతమా? కూసుంట.” కాసేపు ఒలిచి, మళ్లీ అంది. “గోడ మనుషులు కట్టిండ్రే. ఆయన మీదెందుకు పెడ్తవు? నా పోరణ్ణి ఆయన చేతుల పెట్టిన. గేటు తాళమొక్కటే వాళ్లకాడ ఉన్నది.”

ఆ మాట నాకు అప్పుడు చాలలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా చాలడం లేదు. కానీ ఆమెకు చాలింది. ఆ చాలడం నేను దగ్గరుండి చూశాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

పోయిన చలికాలం నుంచి ఆమెకు గుండె బలహీనపడి కాళ్లు ఉబ్బసాగాయి. అప్పుడే దారి సంగతి తేలుస్తామని ఆఫీసు వాళ్లు విచారణ పెట్టారు. ఆ రోజు ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోతే పెద్ద సారు లేడు, వాయిదా అన్నారు. మళ్లీ వాయిదా. ఈమెకేమో ఆయాసం పెరుగుతోంది. దారి ముందొస్తుందో చావు ముందొస్తుందో అని నేను రోజులు లెక్కపెట్టేదాన్ని. చివరికి దవాఖానలో పడింది. నేను పక్కన ఒక్కదాన్నే ఉన్నప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సచ్చేదానికి నాకు ఫికర్ లేదు బిడ్డా. నన్ను చెరువు కింద పెడ్తరేమోనని బుగులు.”

“పెట్టనియ్య పెద్దమ్మా.”

“పెట్టొద్దు. గోడ గూడ ముట్టొద్దు, పోరగాండ్ల మీద కేసులైతయి. గేటు కాడ దించుండ్రి. తీసేదాక ఆగుత. అప్పుడు నాకేం తొందర?” అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. మంచినీళ్లు తాగించాను.

ఫోను వచ్చిన ఆ శనివారం నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో రెండు పంచాయితీలు నడుస్తున్నాయి. మా మేనమామ సంఘ పెద్ద. “ఎండలు మండుతున్నయి, చెరువు కింద గుంత తవ్విపిద్దాం. పీనుగను పెట్టుకుని లొల్లి ఏంది?” అంటున్నాడు. తమ్ముడూ వాడి దోస్తులూ గడ్డపారలు తెచ్చి వాకిట్లో పడేశారు. “గోడ పలగ్గొడ్తం, ఎవడొస్తడో రానీ” అంటున్నారు. నా మనసు తమ్ముడి వైపే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆమె మాట విన్నది నేనొక్కదాన్నే. విన్నది విన్నట్టు చెప్పాను.

“ఆమెకేం, ఆగుతది. ఇంత మంది మనం ఎండల ఎట్ల ఆగాలె?” అన్నాడు మామ. కాసేపటికి ఆయనే లేచి ఫ్రీజర్ పెట్టె తెచ్చేవాళ్లకు ఫోను చేశాడు.

ఆదివారం ఆరాధన ముగిశాక ఆమెను ట్రాలీ ఆటోలో తెచ్చి గేటు ముందు దించాం. ఫ్రీజర్‌కు కరెంటు లేదు. రోడ్డు అవతల కిరాణా దుకాణం సేటు, మా సంఘం మనిషి కాదు, ఎవరూ అడగకముందే దుకాణంలో నుంచి వైరు లాగి ఇచ్చాడు. ఆడవాళ్లం చుట్టూ కూర్చుని పాటలు అందుకున్నాం. ఆదివారాలు ప్లాట్లు చూడటానికి పట్నం నుంచి కార్లు వస్తాయి. ఒక్కో కారు గేటు దాకా రావడం, అద్దం దించడం, పీనుగను చూడటం, వెనక్కి తిరగడం. మేనేజరుకు పిచ్చెక్కిపోయింది.

“మా బిజినెస్ ఖరాబ్ చేస్తున్నరు! పోలీసులకు ఫోన్ చేస్త!”

“చెయ్యి సారు. మేము గూడ వాళ్ల కోసమే చూస్తున్నం” అన్నాను.

పోలీసులు వచ్చారు. వెనకే మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. శవాన్ని తీయకపోతే అందరి మీదా కేసులు పెడతానన్నాడు ఎస్సై. మా పిల్లల్లో కదలిక మొదలైంది. గుంత తవ్వడానికని ఆటోలో తెచ్చిన గడ్డపారల వైపు తమ్ముడు నడవడం చూశాను. చెప్పితే వినే మొహం కాదు వాడిది. ఏం చెయ్యాలో తోచక పోయి ఆ గడ్డపారల మీద కూర్చున్నాను. ఇనుము ఎండకు కాలి సెగలు కక్కుతోంది.

“లే అక్కా.”

“లెవ్వ.”

“లే అంటున్న!”

“నన్ను గుంజేసి తీస్కో. పెద్దమ్మ ముంగట్నే గుంజు.”

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడే, నా పక్కన, దుమ్ములో కూలబడ్డాడు. అయ్యగారు ప్రార్థన చేయడానికి లేచాడు. రోజూ అరగంట చేసే మనిషి ఆ రోజు ఒక్క మాటే అన్నాడు. “ప్రభువా, చూస్తున్నవు గదా” అని కూర్చున్నాడు. ఎస్సై ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. మేనేజరు ఇంకెవరితోనో మాట్లాడాడు. పాటలు పాడీ పాడీ గొంతులు పోయాయి. ఈ గేటు తీస్తారా, మామ అన్నట్టు చెరువు కిందికి మోసుకుపోవాలా అని గేటు తాళం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎండ వాలాక మండలాఫీసు ఆయన మా దగ్గరికి వచ్చాడు.

“పై నుంచి చెప్పిండ్రు. ఈ ఒక్కసారికి. పొద్దుగూకేలోపల అయిపోవాలె.”

ఈ ఒక్కసారికి! నా నోట్లోకి చాలా మాటలు వచ్చాయి. మింగాను. గేటు తీశారు. ఆ గడ్డపారలు భుజాన వేసుకుని పిల్లలు ముందు ఉరికారు, గుంత తవ్వడానికి.

లోపల నడుమెత్తున పిచ్చిచెట్లు పెరిగాయి. అన్న సమాధి దొరకడానికే చాలాసేపు పట్టింది. నల్లబడి, పగుళ్లు విచ్చి ఉంది. కరెంటు స్తంభానికి చాలా దూరంలో ఉంది. ఆమె ఏటా సున్నం వేసిన గోడకు ఇవతల ఉన్నది ఇంకెవరిదో పసిపిల్ల సమాధి. అది చూసి నేను నవ్వాను, పక్కవాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు. అన్న పక్కన ఆమె చూపించిన జాగా మాత్రం ఖాళీగానే ఉంది. అందులోనే దించాం. పొడి మట్టే, ఒక్క చుక్క నీరు ఊరలేదు.

మన్ను పోసి వస్తుంటే మా సంఘంలో సమాధులు కట్టే మేస్త్రి నా పక్కన నడిచాడు. “ఇప్పుడే సమాధి కట్టొద్దక్కా. ఒక వానకాలం పోవాలె, మట్టి దిగాలె. మళ్ల వచ్చి కడ్తం” అన్నాడు.

మళ్లీ వచ్చి. ఆయన ఎంత మామూలుగా అన్నాడో. అందరం బయటికి వచ్చాక వాచ్‌మన్ మా మొహాలు చూడకుండా గొలుసు చుట్టి తాళం వేశాడు. ఎవరూ కదల్లేదు. గోళ్లల్లో మన్నుతో అక్కడే నిలబడ్డాం, మామ, తమ్ముడు, అయ్యగారు, నేను. ఇన్నేళ్లూ ఈ గేటు బయట నిలబడిన మనిషి ఇప్పుడు లోపల కొడుకు పక్కన పడుకుంది. బయట ఉన్నది మేము.