కాలేజీలో ఉండిపోయిన గొంతు

మాస్టారు పోయారన్న కబురు ఆయన భార్య అమ్మగారే ఫోన్ చేసి చెప్పారు. ఏలూరులో అప్పుడే షాపు షట్టరు ఎత్తుతున్నాను. "మీ మాస్టారు తెల్లారుజామున వెళ్ళిపోయారు బాబూ. వీలు చూసుకుని రా" అన్నారు. ఆవిడ మాటలో ఏడుపు లేదు, అలసట ఉంది. షట్టరు దించేసి తాడేపల్లిగూడెం రైలెక్కాను. రైల్లో ఉండగానే పాత విద్యార్థుల గ్రూపులో ఆయన ఫొటోలు, నమస్కారాలు మొదలయ్యాయి. వాటి మధ్యలో ఆయన చివరగా పనిచేసిన ప్రైవేటు కాలేజీవాళ్ళ సందేశం వచ్చింది. మాస్టారి బొమ్మ కింద "ఆయన స్వరం ఎప్పటికీ మాతోనే ఉంటుంది" అని రాశారు. ఫోను జేబులో పెట్టేశాను. వాళ్ళు రాసింది అక్షరాలా నిజం. ఆ నిజం సంగతి నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

మాస్టారు గణపవరం హైస్కూల్లో మాకు ఫిజిక్సు చెప్పారు. ఎనిమిదో తరగతి పిల్లల్ని కూడా 'అండీ' అనే పిలిచేవారు. లెక్క తప్పు చేసినవాణ్ణి పట్టుకుని, "ఇక్కడ మీరు కాస్త తొందరపడ్డారండీ" అనేవారు. ఇంట్లో మమ్మల్ని ఎవరూ మీరు అనేవారు కాదు. ఆ ఒక్క గంటసేపూ మేం పెద్దమనుషులమైపోయి, నడుం నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ళం.

ఒకసారి మమ్మల్ని మండవల్లి దాటించి కొల్లేరు మీద పడవెక్కించారు. పడవ గెడను నీళ్ళలో నిలబెట్టి, అది ఎందుకు విరిగినట్టు కనిపిస్తుందో చెప్పారు. చేప కనిపించిన చోట ఉండదని, ఈటె వేసేవాడు కాస్త కిందికి గురి చూస్తాడని పడవ నడిపే ఆయన చేతే చెప్పించారు. నేను నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తుంటే, "కళ్ళు చెప్పింది వినండి, తర్వాత చెయ్యి పెట్టి కూడా చూడండి. రెండూ ఒకటే చెబితే అప్పుడు నమ్ముదురుగాని" అన్నారు. వ్యాపారంలోకి వచ్చాక కూడా ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది.

కొత్త వస్తువులంటే ఆయనకి పిచ్చి. నేను ఏలూరు వచ్చి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు పెట్టాక, రిటైరైన మాస్టారు తాడేపల్లిగూడెం నుంచి పనిగట్టుకుని వచ్చేవారు. కొత్తరకం బల్బు వచ్చినా, మోటారును ఫోన్లోంచి వేసే పెట్టె వచ్చినా దాని మూత విప్పించి చూస్తేగాని టీ తాగేవారు కాదు. గణపవరం దగ్గర ఒక చేపల చెరువు రైతు, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే ఫోను మోగే పరికరం పెట్టించుకున్నాడని తెలిసి నన్ను కూడా వెంటబెట్టుకు వెళ్ళారు. అంతకుముందు ఆ రైతు చెరువు గట్టు మీదే పడుకుని, మధ్యమధ్య లేచి టార్చి వేసి చూసుకునేవాడు. ఇప్పుడు ఇంట్లో మంచమ్మీద నిద్రపోతున్నానని చెబితే మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఒక మనిషికి నిద్ర తెచ్చిపెట్టిందంటే అది గొప్ప వస్తువండీ" అన్నారు. కొత్తగా ఏది వచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల ఎవరి నడుం నొప్పి తగ్గుతుంది?

అలాంటి మనిషిని కాలేజీవాళ్ళు పిలిచి, మీ పాఠాలు రికార్డు చేస్తామంటే కాదంటారా? అప్పటికే ఆయన ఆ కాలేజీలో ఇంటర్ పిల్లలకి చెబుతున్నారు. చిన్న గదిలో మైకూ కెమెరా ముందు కూర్చోబెట్టి వారాల తరబడి చెప్పించుకున్నారు. జ్వరమొచ్చి రాలేకపోయిన పిల్లలకీ, వానలకి దారి మునిగి ఆగిపోయే కొల్లేరు ఊళ్ళ పిల్లలకీ పాఠం అందుతుందని ఆయన సంబరపడ్డారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. అమ్మగారు మిరియాల పాలు కలిపి ఇస్తూ విసుక్కునేవారు.

మరుసటి ఏడాది ఆ పాఠాలన్నీ ఒక కంప్యూటరుకి నేర్పించి, మాస్టారి గొంతుతోనే కొత్త ప్రశ్నలకి జవాబు చెప్పే 'డిజిటల్ మాస్టారు'ని తయారుచేశారు. మొదటిసారి విన్నరోజు ఆయన నాకు ఫోన్ చేసి, "నేను ఎన్నడూ చెప్పని లెక్కని నా గొంతు చెబుతోందండీ, వింటే నాకే ఆశ్చర్యంగా ఉంది" అన్నారు. నిజంగానే ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట తీరకముందే, ఇక మీరు అంత శ్రమపడి క్లాసుకి రానక్కర్లేదని కాలేజీవాళ్ళు కబురు చేశారు. శాలువా కప్పి, ఫొటో తీసి, కారులో ఇంటి దగ్గర దింపారు.

దాన్ని ఆయన పెద్దగా పట్టించుకోలేదనే చెప్పాలి. పట్టించుకునే వ్యవధి కూడా దొరకలేదు. మిరియాల పాలకి తగ్గని ఆ బొంగురు గొంతును డాక్టర్లకి చూపిస్తే క్యాన్సరన్నారు. విజయవాడలో ఆపరేషను చేసి స్వరపేటిక తీసెయ్యాలన్నారు. ఆపరేషనుకి ముందు డాక్టరుగారు ఒక మంచి సలహా చెప్పారు. ఇప్పుడే మీ మాటలు రికార్డు చేసి ఉంచుకోండి, తర్వాత మీరు ఫోన్లో టైపు చేస్తే మీ గొంతే పలికే ఏర్పాటు ఉంది అన్నారు. మాస్టారు నవ్వారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. "నా గొంతు కాలేజీలో భద్రంగా ఉందండీ. ఎంత కావాలంటే అంత తెచ్చుకోవచ్చు" అన్నారు. అప్పటికే మాట పీలగా, గాలితో కలిసి వస్తోంది. ఆ తర్వాత ఆయన నోటి వెంట నేను విన్న మాటలేవీ గుర్తులేవు.

ఆపరేషనయ్యాక ఆయన ఫోన్లో టైపు చేస్తే ఫోను చదివేది. ఆ గొంతు ఏ ఊరిదో తెలియని ఒక ఆడమనిషిది. వార్తలు చదివినట్టు కాఫీ అడిగేది. అమ్మగారు నాలుగు రోజులు ఓర్చుకున్నారు. తర్వాత, ఎవరో పరాయిమనిషి మన వంటింట్లో నిలబడ్డట్టుంది, దాన్ని ఆపెయ్యండి అని బతిమాలారు. ఆయన ఆపేశారు. అప్పటినుంచి ఇంట్లో ఏం కావాలన్నా చెంచాతో బల్ల మీద కొట్టడమే.

ఆయన్ని తీసుకుని నేనే కాలేజీకి వెళ్ళాను. డైరెక్టరుగారు ఎదురొచ్చి, కుర్చీ స్వయంగా లాగి, కాఫీ తెప్పించారు. మా ప్రాంతంలో కాదన్న మాట కూడా ఎంత మెత్తగా వస్తుందో ఆ రోజు చూశాను. మాస్టారి గొంతు ఇప్పుడు కాలేజీదీ, దాన్ని తయారుచేసిన కంపెనీదీ ఉమ్మడి ఆస్తి అన్నారు. బయటికి ఇస్తే ఎవరైనా దుర్వినియోగం చెయ్యొచ్చన్నారు.

మాస్టారు టైపు చేశారు. ఫోనులోని ఆ ఆడగొంతు చదివింది. "నేను మా ఇంట్లో మాట్లాడుకోవడానికే అడుగుతున్నానండీ."

"మీకు తెలియనిదేముందండీ మాస్టారూ," అన్నారు డైరెక్టరుగారు. "అదిప్పుడు ఒక ప్రోడక్టు కదండీ. కమిటీలో పెడతాను. మీరు కాఫీ తీసుకోండి."

కాఫీ తాగడం ఆయనకి అప్పట్లో కష్టం. అయినా మర్యాదకి రెండు గుక్కలు తాగారు.

తిరిగి వస్తూ నేను ఉండబట్టలేక, ఆ పాఠాల వీడియోలు బయట దొరుకుతున్నాయి, దించుకుని మనమే తయారుచేసుకుందాం, ఏలూరులో చేసిపెట్టేవాళ్ళున్నారు అన్నాను. ఆయన టైపు చేసి, చదివించకుండా ఫోను నా చేతికిచ్చారు. "నా గొంతుని నేను దొంగతనంగా తెచ్చుకోవాలాండీ?" అని ఉంది. మళ్ళీ ఆ ప్రసక్తి తేలేకపోయాను. కమిటీ కబురు కోసం ఆయన ఎదురుచూస్తూనే ఉన్నారు. జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. కబురు రాలేదు.

కాలేజీ ఆవరణలో సంతాపసభ పెట్టారు. వేదిక మీద పెద్ద తెర, తెర మీద మాస్టారి ఫొటో. ప్రసంగాలయ్యాక దీపాలు తగ్గించారు. ఫొటోలో పెదవులు కదిలాయి. "డియర్ స్టూడెంట్స్, నేను ఎక్కడికీ వెళ్ళలేదు. మీరు చదువుతున్నంతకాలం మీతోనే ఉంటాను" అంది ఆ బొమ్మ. గొంతు అచ్చంగా ఆయనదే. పలుకు మధ్యలో ఊపిరి తీసుకునే తీరు కూడా ఆయనదే. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కొందరు చప్పట్లు కొట్టారు.

ముందువరసలో అమ్మగారు లేచి నిలబడ్డారు. "ఆపండి బాబూ. ఆయన ఆ మాట అనలేదు" అన్నారు.

డైరెక్టరుగారు దగ్గరికొచ్చి వంగి, గౌరవంతోనే మా స్టాఫు రాశారమ్మా అన్నారు.

"ఇంట్లో రెండు మాటలు మాట్లాడుకుంటామంటే కుదరదన్నారు కదండీ," అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. "ఆయన అనని మాటలు అనిపించడానికి ఎలా కుదిరిందండీ?"

తెర ఆపారు. భోజనాలు వడ్డిస్తున్నారని ఎవరో మైకులో చెప్పారు.

కొత్త వస్తువులు అమ్ముకుని బతికేవాణ్ణి, వాటిని తిట్టుకోవడానికి నాకు నోరు రాదు. గొంతు పోయిన మనిషికి గొంతు తిరిగిచ్చే విద్య మనకాలంలోనే పుట్టింది. అది మాస్టారి ఇంటికి ఆటోలో వెళ్ళేంత దూరంలోనే ఉంది. ఉండి కూడా ఆయన కాఫీ కోసం చెంచాతో బల్ల కొడుతూ పోయారు. ఎవరి నడుం నొప్పి తగ్గిందని ఆయన తరఫున నేనెవర్ని అడగాలి?

దినకార్యాలు ముగిశాక, స్టాఫు రూములో ఉండిపోయిన ఆయన సామాను తెచ్చుకోవడానికి అమ్మగారు నన్ను తోడు రమ్మన్నారు. గాజు పట్టకం ఒకటి, అయస్కాంతాలు, చలికాలం కప్పుకునే శాలువా. సంచిలో సర్దుకుని వరండాలోంచి వస్తుంటే ఒక హాలు తలుపు తెరిచి ఉంది. లోపల వరసగా పిల్లలు, ఒక్కొక్కరి ముందు ఒక టాబ్లెట్, దాని మీద మాస్టారి బొమ్మ, చెవులకి హెడ్‌ఫోన్లు. ఫిజిక్సు క్లాసు జరుగుతోంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు.

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. ఎవరితో పంచుకుందామా అన్నట్టు అటూ ఇటూ చూసింది. ఎవరి పాఠంలో వాళ్ళున్నారు. తల దించేసుకుంది. కాసేపటికి వెనక వరసలో ఇంకో అబ్బాయి, అలాగే, ఒక్కడే నవ్వాడు.

అమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏమన్నారంటావు బాబూ?" అని నెమ్మదిగా అడిగారు. నాకూ వినబడలేదని చెప్పాను. అయినా ఆవిడ కదల్లేదు. శాలువా ఉన్న సంచి పట్టుకుని, ఇంకెవరు నవ్వుతారా అని ఆ పిల్లల మొహాలకేసి చూస్తూ నిలబడ్డారు.