తన్నని తుపాకీ, తగ్గని నొప్పి

తొంభైల చివర్లో ఒక కార్తీకమాసం ఉదయం, రాజోలు దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి తుపాకీ ఎత్తబోతే నా కుడి చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. నొప్పి అంతకు రెండు నెలల ముందు నుంచే ఉంది. చెయ్యి నా మాట వినకపోవడం మాత్రం అదే మొదలు. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుని, ఎడంచేత్తో తోసి తుపాకీ మడమను భుజానికి ఆనించాను.

అవి మా వైపు వరిచేలు చెరువులైపోతున్న రోజులు. నీటికాకులు గుంపులుగా వాలేవి. అవి తినేది ఒక నష్టం. ఒక చెరువులో జబ్బు రొయ్యను కరుచుకొచ్చి పక్క చెరువులో జారవిడిస్తే రెండోదీ పోయినట్టే. మా నాన్నగారి రెండు గొట్టాల తుపాకీ, దాని లైసెన్సు నా పేర ఉండటంతో చుట్టుపక్కల చెరువులన్నిటికీ కాపలా నాదే అయింది. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. పిట్టను చంపితే నేరం కాబట్టి తల మీదుగా కాల్చి లేపెయ్యాలి. ఒకటీ అరా పడేవి, అబద్ధం ఎందుకు. ముప్ఫై తూటాలు కాల్చిన రోజులున్నాయి. కాల్చిన ప్రతిసారీ అది గాడిదలా వెనక్కి తన్నేది. అలాంటప్పుడు భుజం నొప్పెడితే ఇంకెవర్ని అనుమానిస్తాం?

ఊళ్ళో డాక్టరు గారికి నేనే చెప్పాను, తుపాకీ తన్నిందని. ఆయన భుజం నొక్కి చూసి, "ఆయ్, దెబ్బ మీద దెబ్బ తగుల్తోందండి. ఇంజక్షన్ చేస్తాను, పది రోజులు కాల్చడం ఆపండి" అన్నారు. ఆపాను. నొప్పి ఆగలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, చెరువు గాలి అనుకున్నాను. బెల్టుకి కొత్త కన్నం పొడవాల్సి వచ్చింది, ఎండలో తిరుగుడు అనుకున్నాను. అన్నిటికీ నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. అంత తెలివైనవాణ్ణి మరి!

ఇక తుపాకీ మారిస్తే సరిపోతుందని పట్టుకున్నాను. ముందు మడమకి రబ్బరు బిళ్ళ వేయించాను. తర్వాత మందు తక్కువ దట్టించిన తూటాలు తెప్పించాను. బరువైన తుపాకీ తక్కువ తన్నుతుందని ఎవరో అంటే ఒకటి చూశాను, కానీ దాన్ని ఎత్తడానికే నా చెయ్యి ఒప్పుకోలేదు. చివరికి కపిలేశ్వరపురం వైపు ఒక రాజుగారి దగ్గర పాత విదేశీ ఆటోమేటిక్ ఉందనీ, అమ్ముతారనీ తెలిసి వెళ్ళాను.

రాజుగారు పెద్దమనిషి. తుపాకీ విప్పి మరీ చూపించారు. "ఇందులో రెండు రకాలండి. స్ప్రింగు మీద నడిచేది కాస్త తన్నుద్ది. ఇది గ్యాసు రకం. పేలిన గ్యాసులో కొంత పక్కకి మళ్ళి ఈ పిస్టన్ని తోస్తుందండి. తన్నులో సగం అక్కడే చచ్చిపోద్ది. రోజంతా కాల్చేవాళ్ళకి ఇదే మేలు. కాపోతే వారానికోసారి విప్పి మసి తుడవాలి."

గోదావరి మధ్య ఆయన లంక పొలంలో, ఆయన పక్కన నిలబడి ఉండగా కాల్చాను. మొదటి తూటాకే తెలిసిపోయింది. ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టుంది, అంతే. కానీ లోపల ఎముకలో మాత్రం అదే సలుపు. రెండోది కాల్చాను. మూడోది కాల్చాను. తుపాకీ తన్నడం లేదు, నొప్పి ఉంది. అయితే ఇన్నాళ్ళూ నన్ను తన్నింది తుపాకీ కాదన్నమాట!

"ఎలా ఉందండి?" అన్నారు రాజుగారు.

"బ్రహ్మాండంగా ఉందండి. పర్మిషన్ కాగితాలు రాయించండి, తీసుకుంటాను" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పుడు తెలుసు. తుపాకీ కొంటున్నంత సేపూ అది తుపాకీ జబ్బే. కొనడం మానేస్తే ఇంకేదో జబ్బు అవుతుంది. ఆ ఇంకేదో పేరు మనసులో కూడా అనుకోవడానికి నాకు ధైర్యం లేదు. మూడు వారాలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ణి.

మా ఆవిడ పద్మ స్కూలు టీచరు. ఆమె దగ్గర ఎన్నాళ్ళు దాస్తాను? ఒకరోజు అన్నం దగ్గర చెయ్యి నోటి దాకా రాక, ఆమె వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఎడంచేత్తో తింటున్నాను. పప్పుగిన్నెతో వచ్చి చూసేసింది.

"ఏవండీ, ఎడంచేత్తో తింటున్నారేంటండీ?"

గిన్నె దించి దగ్గరికొచ్చింది. చొక్కా తనే విప్పించింది. ఎడమ భుజం గుండ్రంగా ఉంది. కుడిది కండ కరిగిపోయి గుంట పడి, ఎముక మొనదేలి ఉంది. నేను అద్దంలో చూసుకున్నది కూడా అప్పుడే.

"అయ్యో, ఇదేంటండీ! ఎన్నాళ్ళ నుంచి దాచేరు?"

"తుపాకీ మార్చేస్తున్నాగా."

"మార్చాల్సింది తుపాకీ కాదండి, మీ బుర్ర" అని, ఏడుస్తూనే తిట్టింది. మర్నాడే కాకినాడ.

ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రేని వెలుతురు పెట్టెకి తగిలించారు. భుజం కీలులో ఎముక తల అంచు ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలా ఉంది. నాక్కూడా కనిపించింది.

"ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ట్యూమర్ కావచ్చు. బయాప్సీ చేస్తే గానీ చెప్పలేం" అన్నారు.

"ట్యూమరైతే చెయ్యి తీసేస్తారాండి?"

"నేనా మాట అన్నానా?"

"అనలేదండి. కాదని కూడా అనలేదు."

ఆయన కలం తీసి చీటీ రాసిచ్చారు. విశాఖలో బయాప్సీ చేసి, రిపోర్టుకి పన్నెండు రోజులు ఆగమన్నారు. ఆ పన్నెండు రోజులు నేను మనిషిలా లేను. సంతకం ఎడంచేత్తో పెట్టడం చాటుగా నేర్చుకున్నాను. చొక్కా కుడిచెయ్యి ఖాళీగా వేలాడుతుంటే చెరువు గట్టు మీద నడుస్తున్నట్టు ఊహించుకుని, వెంటనే లేచి పద్మ దగ్గరికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. భయమేస్తోందే అని నోరు విడిచి చెప్పింది నా జీవితంలో అప్పుడే.

రిపోర్టు చదివి కాకినాడ డాక్టరు గారు, "టి.బి. అండి. కీలుకి వచ్చింది. ఛాతీలో ఏమీ లేదు. మందులకి తగ్గుద్ది" అన్నారు. నేను ఆయన చేతులు పట్టేసుకున్నాను. "టి.బి. వచ్చిందంటే సంబరపడే మనిషిని మిమ్మల్నే చూశానండీ" అంది పద్మ. తనూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. రెండో నెలలో వాంతులు మొదలై, కళ్ళు పచ్చబడ్డాయి. మందులే లివర్‌కి పడలేదట. మూడు వారాలు అన్నీ ఆపేశారు. మందు లేని ఆ మూడు వారాల్లో జబ్బు ఎముకని ఇంకెంత తిన్నదోనని ప్రతి పొద్దునా చెయ్యి ఎత్తి చూసుకునేవాణ్ణి. తర్వాత ఒక్కో మాత్రా మొదలుపెట్టి, వారం వారం రక్తపరీక్ష చేశారు. మొత్తం పద్దెనిమిది నెలలు. ఆ తర్వాత ఫిజియోథెరపీ, దాని నొప్పి వేరే పురాణం.

మందులు ఆపి ఆరేళ్ళయింది. చెయ్యి భుజం ఎత్తు వరకే లేస్తుంది, పైకి రాదు. ఉంది, అది చాలు. లైసెన్సు తిరిగి ఇచ్చేశాను. తుపాకీ కొంటానని మాటిచ్చి కొననందుకు రాజుగారికి నిజం చెప్పి క్షమించమన్నాను.

ఇది చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. డాక్టరు దగ్గరికి వెళితే నొప్పి చెప్పండి, కారణం చెప్పకండి. నేను కారణం కూడా పట్టుకెళ్ళాను కాబట్టే ఊళ్ళో డాక్టరు గారు ఇంకేదీ వెతకలేదు. కాల్చడం ఆపినా, తుపాకీ మార్చినా తగ్గని నొప్పి తుపాకీది కాదు.

మొన్న తాటిపాక నుంచి ఒక చెరువు రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "తన్నని తుపాకీ ఏదో మీకు తెలుసంటండి, చెప్పండి. భుజం పచ్చి పుండైపోతోంది."

"చెప్తానండి. ముందు చొక్కా విప్పండి" అన్నాను.

వింతగా చూశాడు గానీ విప్పాడు. వీధిలో వెలుతురు బాగా పడేచోట నిలబెట్టి, చుట్టూ తిరిగి చూశాను. కమిలిన మచ్చ ఉంది. భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి. "చేతులు పైకెత్తండి" అన్నాను. రెండూ చెవుల పక్కగా నిటారుగా లేచాయి. నా కుడిచెయ్యీ వాటితో పాటు లేచి భుజం దగ్గరే ఆగిపోయింది. అతను చేతులు దించబోతే, "ఇంకాసేపు ఉంచండి" అన్నాను.