బావగారి రేడియేటర్లు

బావకి ఉన్నది ఒకటే జబ్బు. కంపెనీవాడు చల్లగా ఉంచిన కారు ఇంజన్‌ని తను ఇంకాస్త చల్లబరచాలి. తిండి మానేస్తాడు, నిద్ర మానేస్తాడు, పెళ్ళాం మాట వినడం ఎప్పుడో మానేశాడు. రేడియేటర్ జోలికి పోకుండా మాత్రం వారం రోజులు ఉండలేడు. మనిషి చీమకి కూడా పక్కకి తప్పుకుని దారిచ్చే రకం. కొండ మీది ఆసుపత్రిలో మందుల స్టోరు చూస్తాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. ఆ మెత్తదనమంతా కారు బానెట్ ఎత్తేవరకే.

ఆ జబ్బు ఫలితం అనుభవించేది అతని బావమరిది. పెద్ద రోడ్డు మలుపులో రెండు కార్లు పట్టే షెడ్డున్న మెకానిక్. బావ ఆదివారమంతా విప్పి బిగించింది సోమవారమంతా బిగించి విప్పడం అతని పని. అక్క మొగుడు కాబట్టి రావద్దనలేడు. రమ్మంటే బతకలేడు.

"కంపెనీవాడు లెక్కలన్నీ కట్టే చేశాడు బావా," అని మొదట్లో నచ్చజెప్పేవాడు.

"కంపెనీవాడు మన ఎండ చూశాడా? మన కొండ ఎక్కాడా?"

"ఎక్కలేదు."

"మరి?"

ఆ "మరి?" దగ్గర మెకానిక్ మళ్ళీ స్పానరు అందుకునేవాడు.

ముందు థర్మోస్టాట్ పోయింది. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న తలుపు అది. "నీళ్ళకి అడ్డేమిటి?" అని బావ పీకి పారేశాడు. ఆనాటి నుంచి ఇంజన్ చన్నీళ్ళ స్నానం చేసినట్టు వణకడం, పెట్రోలు గటగటా తాగడం మొదలుపెట్టింది.

"చల్లగా ఉందా లేదా?" అన్నాడు బావ గర్వంగా.

"శవం కూడా చల్లగానే ఉంటుంది బావా!"

తర్వాత కంపెనీ ఫ్యాన్ తీసేసి పెద్ద కరెంటు ఫ్యాన్ పెట్టాడు. రెండు వైర్లూ తారుమారయ్యాయి. లోపలికి లాగాల్సిన గాలిని అది బయటికి ఊదేది. కారు కదిలితే ఎదురుగాలీ ఫ్యాన్‌గాలీ మధ్యలో కొట్టుకునేవి. నిలబెడితే చల్లగా ఉండే బండి పరిగెత్తితే ఉడికిపోయేది.

"ఆగినప్పుడు చూడు, వేడి చూపించే సూది కదల్లేదు! అద్భుతం!"

"ఆగి ఉండటానికి కారెందుకు బావా? కుర్చీ చాలదూ?"

బావ ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ పుస్తకం చూస్తేనే మెకానిక్ దణ్ణం పెట్టేవాడు. బానెట్ వెనక అంచు పైకి లేపితే ఏమైంది, నీళ్ళలో ఏది ఎంత కలిపితే ఏమైంది, అన్నీ తేదీలతో సహా రాసేవాడు. పేజీ పేజీకీ అడుగున ఒకే మాట: "పనికిరాలేదు." ఏళ్ళ తరబడి పనికిరాకపోయినా మనిషికి విసుగు రాదేమిటని మెకానిక్ తల బాదుకునేవాడు.

చివరికి ట్రాక్టర్ రేడియేటర్ తెచ్చి డిక్కీలో పెట్టాడు. ఇంజన్ ముందు, రేడియేటర్ వెనక. మధ్యలో వేడినీళ్ళ పైపులు ముందు సీటు పక్కగా పోతాయి. ఆ సీట్లో కూర్చునేది అక్క.

అక్క స్కూల్ టీచరు. ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పాక హెడ్‌మిస్ట్రెస్ పోస్టుకి ఇంటర్వ్యూ వచ్చింది. ఆటోలో వెళ్తానంది. "ఇంట్లో కారుండగా ఆటో ఏమిటి?" అన్నాడు బావ. సగం దారిలో పైపుని బిగించిన క్లాంపు ఊడి వేడినీళ్ళు చిమ్మాయి. అక్క చటుక్కున కాళ్ళు సీటు మీదికి లాక్కుంది కాబట్టి సరిపోయింది. ఫైలు తడిసి ముద్దయింది. వెళ్ళేసరికి ఇంటర్వ్యూలు ముగించి తలుపులు వేసేశారు.

ఆ మధ్యాహ్నం అక్క చెప్పులు చేతబట్టుకుని షెడ్డుకొచ్చి టైరు మీద కూలబడింది.

"ఏడవకక్కా."

"ఏడవట్లేదురా. ఇంకా ఆవిరి కారుతోంది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అరవడానికి కూడా ఓపిక లేదు. ఈ మనిషి మారడురా. ఇంతే."

అక్క అరిచి ఉంటే మెకానిక్ తట్టుకునేవాడే. వెనకే బిక్కమొహంతో వచ్చిన బావకి గుమ్మం దగ్గరే అడ్డం నిలబడ్డాడు.

"ఇక నా షెడ్డు గడప తొక్కకు బావా."

బావ "సరే," అని తలొంచుకుని వెళ్ళిపోయాడు. రెండు నెలలు రాలేదు. ఎవరూ పాడుచేయని షెడ్డులో మెకానిక్‌కి పొద్దుపోయేది కాదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి మనసొప్పేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం కొండ మీది ఆసుపత్రి అంబులెన్సు బ్రేకుల పనికి వచ్చింది. మెకానిక్ అలవాటు కొద్దీ బానెట్ ఎత్తి, అలాగే నిలబడిపోయాడు. లోపల మామూలుకన్నా మందమైన రేడియేటర్. ఫ్యాన్ చుట్టూ గాలి పక్కదారి పట్టకుండా రేకుతో చక్కటి గూడు. ప్రతి పైపుకీ ఒకటికి రెండు క్లాంపులు.

"ఎవరు చేశారిది?"

"మీ బావగారే. మీకు తెలీదా?" అన్నాడు డ్రైవరు. "ఇది సామాన్లు మోయడానికి చేసిన బండి సార్. దాని మీద ఏసీ, సిలిండర్లు, మంచం ఎక్కించారు. రేడియేటర్ మాత్రం అదే. సగం కొండలో ఉడికిపోయేది. లోపల మనిషి మూలుగుతుంటే రోడ్డు మీద నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడటం పగవాడికి కూడా వద్దు. ఆయన పైవాళ్ళ చుట్టూ తిరిగి అనుమతి తెచ్చి, పోయిన నెల దగ్గరుండి మార్పించారు. మొన్న ఒక నిండు చూలాలిని ఎక్కడా ఆపకుండా పైకి చేర్చా. తల్లీ బిడ్డా క్షేమం."

మెకానిక్ షెడ్డుకి తాళం వేసి తిన్నగా అక్కా వాళ్ళింటికి వెళ్ళాడు. బావ వాకిట్లో కారు పక్కన కూర్చుని ఉన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి, తమ్ముడు అంబులెన్సు గురించి చెప్పిందంతా వింది.

"ఎందుకు చెప్పలేదు బావా?"

"ఏమని చెప్పను? అన్నీ తప్పులేగా," అన్నాడు బావ నోటుబుక్కు తిప్పుతూ. "ఆ తప్పులేవో మన బండి మీదే చేసుకుందామనుకున్నా. ఆ బండి మీద చేయకూడదు. దాంట్లో మనుషులుంటారు."

"మన బండిలో ఉండేదెవరండీ? గొర్రెలా?" అంది అక్క.

బావ నోటుబుక్కు మూశాడు. "నువ్వుంటావు. నువ్వు తిడతావు. వాళ్ళకి తిట్టే ఓపిక కూడా ఉండదే!" తర్వాత గొంతు తగ్గించాడు. "నీ ఇంటర్వ్యూ మాత్రం నావల్లే పోయింది. అది ఏ పేజీలో రాయాలో తెలియలేదు."

అక్క మొహం పక్కకి తిప్పుకుంది. తమ్ముడు నిలబడింది కూడా ఆ పక్కనే కాబట్టి ఆవిడ నవ్వు ఆపుకోలేకపోవడం అతనికి కనిపించింది.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "అది సరేగానీ బావా, ఆ రేకు అంచుకి రబ్బరు పట్టీ వేస్తే గాలి ఇంకా బాగా లాగదూ?"

బావ కళ్ళు మెరిశాయి. "వేసి చూద్దామా? ముందు మన బండికి!"

మరుక్షణం ఇద్దరి తలలూ బానెట్ కింద దూరిపోయాయి. బయట రెండు వీపులు మాత్రం మిగిలాయి.

"ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను దేవుడా!" అని నెత్తి కొట్టుకుని, అక్క పొద్దున్నే స్కూలుకి బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి పక్కింటికి బయల్దేరింది.