మడ అడవిలో పొట్టిగా కట్టిన తాడు

మా బావగారిని మడ అడవిలో రెండు మైళ్లు భుజాన వేసుకుని మోసుకొచ్చాను. మోకాటి లోతు బురద, నెత్తిన మే నెల ఎండ, తాగడానికి చుక్క నీళ్లు లేవు. ఆయనేమో భారీ మనిషి. ఈ సంగతి మా బడి టీచర్ల గదిలో చెప్పాను, పెళ్లిపందిళ్లలో చెప్పాను, రామచంద్రపురం బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆసామికి కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దూరం కాస్త పెరిగేది. మొదట్లో అది అరమైలే.

ఇప్పుడు వీధి చివరి పాలకేంద్రం దాకా నడిస్తే చాలు, తిరిగి రావడానికి మధ్యలో రెండు అరుగుల మీద కూర్చోవాలి. కథని పెంచుకుంటూ పోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, అదీ అయిపోయింది. అంచేత జరిగింది జరిగినట్టు రాస్తాను. మే నెల కాదు, మార్చి. అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

డెబ్బైల చివర నేను అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిని. జంతువుల గురించి పిల్లలకి గంటలకొద్దీ చెప్పేవాణ్ణే గాని, పుస్తకంలో బొమ్మలు తప్ప నేను చూసింది తక్కువ. చూపించింది మా అక్క భర్త. ఆయన కాలువ లాకుల దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా తిరిగి చూసుకోవడం ఆయన పని. ఆ తిరుగుళ్లలోనే ఆయనకి కళ్లు పదునెక్కాయి. గట్టు మీద పెంటిక కనబడితే పుల్లతో విప్పి చూసేవారు. చేప పొలుసులుంటే నీటికుక్క, ఎలుక బొచ్చుంటే పిల్లి అనేవారు. నేను ముక్కు మూసుకుని నోట్సు రాసుకునేవాణ్ణి.

నెలకోసారి, బడికి సెలవుండే రెండో శనివారం, ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఆదివారం మా అక్క ఇద్దర్నీ చర్చికి లాక్కుపోయేది కాబట్టి మాకు దక్కింది ఆ శనివారమే. లంకల్లో రెల్లు దుబ్బుల వెంట నడిచేవాళ్లం. కొబ్బరిపీచు తాడుకి నిప్పంటించి రోజంతా ఆరకుండా వెంట తీసుకెళ్లడం, కమ్మలు విరిచి నీడ అల్లుకోవడం, గాలికి ఎదురుగా కూర్చుని మెదలకుండా ఉండడం ఆయనే నేర్పారు. ఆఖరుది నాకు అబ్బలేదు. మాట్లాడకుండా కూర్చోవడం నావల్ల కాదు. అయినా ఆయన నన్ను తీసుకెళ్లేవారు. ఆ ఒక్క శనివారం కోసం నెలంతా బడి భరించేవాణ్ణి.

ఆ మార్చిలో, ఐ.పోలవరం అవతల మడ అడవిలో నీటికుక్కలు పిల్లల్తో తిరుగుతున్నాయని ఒక జాలరి ఆయనకి చెప్పి, తన తాటిదోనె కూడా ఇచ్చాడు. సముద్రపు పోటు మీద పాయలోకి వెళ్లాం. గడ ఆయనే వేశారు. ఒక మిట్ట దగ్గర దిగి, దోనెని చెట్టు వేరుకి కట్టి, లోపలికి నడిచాం.

నీటికుక్కల్ని చూశాం. పదకొండని చెబుతూ వచ్చాను, ఐదే. మూడు పెద్దవి, రెండు పిల్లలు. బురదలో పొర్లి, నీళ్లలో దూకి, పీతని పట్టి కరకర నమిలాయి. నేను ఏదో అనబోతే మా బావగారు నా మోకాలి మీద చెయ్యి వేసి, అవి వెళ్లేదాకా తియ్యలేదు. ఆ గంటసేపు నేను నోరు తెరవలేదు. ఇందులో పెంచింది ఏమీ లేదు.

వెనక్కి వచ్చేసరికి నీళ్లు దిగిపోయాయి. దోనె ముక్కు చెట్టుకి వేలాడుతోంది, తోక బురదలో కూరుకుపోయి ఉంది. తాడు పొట్టిగా కట్టి ఉంది మరి. నీళ్ల కుండ జారిపడి పగిలింది. దోనె పక్కవార చీలింది.

నేను చెప్పే కథలో ఇక్కడ తాడు కట్టింది మా బావగారు. కాలువల మీద బతికిన లస్కరు కదా, కాలువలో నీళ్లు పూటకోసారి దిగవు, పడవ కొట్టుకుపోకుండా పొట్టిగా కడితే చాలు, అదే అలవాటుతో సముద్రపు పాయలోనూ కట్టేశారని చెప్పేవాణ్ణి. జనం పడీ పడీ నవ్వేవారు.

కట్టింది నేను. ఆయన ముందుకు నడుస్తూ వెనక్కి తిరిగి మరీ చెప్పారు: "నీళ్లు దిగుతాయండి మాస్టారూ. తాడు నాలుగు బారలు వదిలి కట్టండి." దోనె దూరంగా పోతే ఎక్కేటప్పుడు నా కొత్త కాన్వాసు బూట్లు తడుస్తాయని నేను బారెడే వదిలాను.

దోనెని సరిచెయ్యడానికి ఆయన ఉత్త కాళ్లతో దిగారు. చెట్ల వేళ్లకి అంటుకున్న ఆలిచిప్పలు అరికాలిని చీల్చేశాయి. నేను బూట్లతో వేరు మీద నిలబడి చూస్తున్నాను. దోనె ఇక తేలదని తేల్చుకుని, తువ్వాలు చింపి కట్టు కట్టుకుని, మడ కొమ్మలు విరిచి బురద మీద పరిచి, నన్ను ముందు నడవమన్నారు. నేను కూరుకుపోతే వెనకనుంచి లాగొచ్చని. రెండుసార్లు లాగారు. ఒక బూటు అక్కడే ఉండిపోయింది. గట్టు ఎక్కేసరికి మూడు గంటలు పట్టింది. దూరం మైలు కూడా ఉండదు. గట్టు మీద గడ్డి కోసుకుంటున్న ఆవిడ చెంబుతో నీళ్లిస్తే, ఆయన ముందు నాకిచ్చారు. ఆ రోజంతా నేను మోసింది ఆయన చేతిసంచి.

ఆయనకి చక్కెర జబ్బు. కాలు వాచి, చీము పట్టి, ఆసుపత్రిలో పడుకోవలసి వచ్చింది. రోజూ సైకిలేసుకుని వెళ్లేవాణ్ణి. మొహమాటం కొద్దీ తాడు మాట ఇద్దరం ఎత్తలేదు. ఇంటికొచ్చాక, ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర, ఆయన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉండగా, ఇదంతా ఎలా జరిగిందని ఎవరో అడిగారు. నేను అందుకున్నాను. లస్కరు గారి కాలువ ముడి గురించి మొదటిసారి చెప్పింది అప్పుడే. అందరూ నవ్వారు. నా వంక ఒకసారి చూసి, ఆయనా నవ్వారు.

"ఆయ్, అలవాటండి," అన్నారు. విస్తట్లో అన్నం అలాగే వదిలేసి, చేతులు కడుక్కోవడానికి కుంటుకుంటూ వెళ్లారు.

తరవాత ప్రతి ఆదివారం సాయంత్రం వెళ్లి, కాలెలా ఉందండీ, ఈ నెల వెళ్దామా అని అడిగేవాణ్ణి. "ఇంకా లాగుతోందండి మాస్టారూ," అనేవారు. వర్షాలు వచ్చి వెళ్లాయి. మళ్లీ మార్చి వచ్చింది. కాలు లాగుతూనే ఉంది. కొన్నాళ్లకి అడగడానికి నాకే మొహం చెల్లక మానేశాను. నా నోట్సు పుస్తకంలో సగం కాయితాలు తెల్లగా మిగిలిపోయాయి. ఒక్కణ్ణే రెండుసార్లు లంకల్లోకి వెళ్లాను గాని, పెంటిక చూస్తే పెంటికే, కొంగని చూస్తే కొంగే. ఎండలో తిరిగి, అలిసిపోయి వచ్చాను. ఎనభైల మధ్యలో ఆయన పోయారు. ఆ పుండు మానక, అడవి మొహం మళ్లీ చూడకుండానే పోయారు.

మొన్న ఈ కాయితాలు మా అక్కకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వింది. తాడు నేనే కట్టానన్న చోట తలెత్తలేదు. ఆవిడకి ఎప్పుడో తెలుసునన్నమాట. అంతా అయ్యాక, ఇప్పుడైనా నిజం రాశాను కదక్కా అన్నాను.

"ఆ ఆఖరి ముక్క కొట్టెయ్యి," అంది. "కాలు వర్షాలకి ముందే మానిపోయింది. ఆ తరవాత నాలుగేళ్లు వెళ్ళేరాయన, నెలనెలా, ఒక్కరూ. తమ్ముడికి చెప్పకే అన్నారు. ఆయన అడవి మానెయ్యలేదురా. నీతో వెళ్ళడం మానేసేరు."